హబీబ్ గారి ఎనిమిది సీట్లు

ముందే చెప్పేస్తున్నాను. ఈశ్వరప్రసాద్ గారి విమానం ఆగిపోయింది హబీబ్ గారి సీట్ల వల్ల కాదు. ఏలూరులో గానీ, తాడేపల్లిగూడెంలో గానీ ఇంకా ఆ మాట అనేవాళ్ల నోట్లో మన్ను పడ! అది అబద్ధమని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసి కూడా ఇన్నాళ్లూ నోరు మూసుకుని కూర్చున్నాను కాబట్టి ఆ మన్నేదో ముందు నా నోట్లోనే పడాలి.

నా పేరు వీరాస్వామి. ఈశ్వరప్రసాద్ గారి దగ్గర ఇరవై రెండేళ్లు కారు నడిపాను. ఆయనకి కొల్లేరు ఒడ్డున చేపల చెరువులు, తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు, ఏలూరులో మేడ ఉన్నాయి. రోజూ చెరువుగట్ల మీద గుంటల్లో పడుతూ లేస్తూ తిరిగేసరికి ఆయన నడుం పోయింది. డాక్టర్లు బెల్టులిచ్చారు, బిళ్లలిచ్చారు. ఏదీ పనిచేయలేదు. అప్పుడెవరో ఏలూరు పవర్‌పేట రైలు గేటు దగ్గర హబీబ్ గారని ఒక సీట్ల మేస్త్రీ ఉన్నాడని చెప్పారు.

హబీబ్ గారి తాతలు ఏలూరు తివాచీలు నేసినవాళ్లు. ఆ పనికి గిరాకీ తగ్గాక తండ్రి రిక్షా టాపులు కుట్టాడు. ఈయన సైకిల్ సీట్లతో మొదలుపెట్టి, అంబాసిడర్ల మీదుగా పెద్ద కార్ల దాకా వచ్చాడు. బక్కమనిషి. చెవి మీద ఎప్పుడూ సుద్దముక్క, చేతిలో దబ్బనం. మాట మెత్తన. పనిలో మాత్రం మహా మొండి.

ఆయనకొక పద్ధతి ఉండేది. సీటు కొలవడు, మనిషిని కొలుస్తాడు. తడిపిన ఊక నింపిన గోనెబస్తా ఒకటి కొట్లో ఉండేది. "కాస్త దీని మీద కూర్చోండి" అంటాడు. ఎంత పెద్దమనిషి అయినా కూర్చోవాల్సిందే. లేచాక ఆ ఊకలో పడ్డ గుంటని అరచేత్తో తడిమి, ఈ మనిషి ఏ పక్కకి వాలతాడో, ఎక్కడ బరువు మోపుతాడో చూసుకుని స్పాంజి కోస్తాడు. తెల్లటి ఖద్దరు పంచెలో వెళ్లిన మా ప్రసాద్ గారు కూడా తడి ఊక మీద కూర్చున్నారు. లేచాక వెనకంతా మరక. నాకు నవ్వాగలేదు, బయటికి పారిపోయాను.

నన్ను మళ్లీ లోపలికి పిలిచింది హబీబ్ గారే. "మీరు కూడా కూర్చోండి వీరాస్వామి గారూ" అన్నాడు.

"నాకెందుకండీ? కారు ఆయనది" అన్నాను.

"కారు ఆయనదేనండీ. నడుం మీది కదా" అన్నాడు.

అలా నా సీటు నా కొలతకి కుట్టాడు. యజమాని చెప్పకుండా, ఎవరూ అడగకుండా. ఇరవై రెండేళ్లలో నా నడుం గురించి అడిగిన మనిషి ఆయనొక్కడే. రెండు నెలలకి ప్రసాద్ గారి నొప్పీ తగ్గింది, నా నొప్పీ తగ్గింది. అక్కణ్ణించి ప్రసాద్ గారు ఏ కారు కొన్నా ముందు హబీబ్ గారి కొట్టుకే.

నాలుగేళ్ల కిందట ప్రసాద్ గారికి విమానం పిచ్చి పట్టింది. తాడేపల్లిగూడెంలో యుద్ధకాలం నాటి రన్‌వే ఒకటి పాడుబడి ఉంది. దాన్ని బాగుచేసి మళ్లీ విమానాలు దింపుతారని ఎవరో ఆయన చెవిలో వేశారు. "మన మిల్లు పక్కనే దిగొచ్చు వీరాస్వామీ, ఇక ఈ గుంటల్లో పడే బాధ నీకూ నాకూ ఉండదు" అన్నారు. ముప్ఫై ఏళ్ల పాత విమానం, ఎనిమిది సీట్లది, హైదరాబాద్‌లో అమ్మకానికుందని బ్రోకరొకడు దొరికాడు. ధర విన్నాక ఈయనకి ఇంకా హుషారొచ్చింది. అంత చవకా అని.

చవక ఎందుకైందో అడగొద్దూ? అడగలేదు. సెకండ్‌హ్యాండ్ లారీ కొనేవాడు ఎలా వెళ్తాడో అలా వెళ్లారు. మా చేపల లారీల మెకానిక్కుని కూడా వెంటబెట్టుకున్నారు! నేనే నడిపాను కారు. అక్కడ షెడ్డులో తెల్లగా మెరిసిపోతోంది విమానం. ప్రసాద్ గారు టైరుని కాలితో తన్ని చూశారు. రంగు మీద గోరు పెట్టి గీరారు. ఇంజన్ వేయించి, మెకానిక్కుని చెవొగ్గి వినమన్నారు. వాడు తల ఊపి, "సౌండు బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు. వాడికేం తెలుసు పాపం.

కొనే ముందు బయటి ఇంజనీర్ల చేత తనిఖీ చేయించుకోండి, మూడు వారాలు పడుతుందని బ్రోకరే చెప్పాడు. రెండు ట్రంకు పెట్టెల నిండా విమానం రిపేర్లు రాసిన పాత పుస్తకాలు కూడా చూపించాడు. ప్రసాద్ గారు మూత తీసి చూసి మళ్లీ వేసేశారు. "ఇవన్నీ ఎవడు చదువుతాడండీ? రిజిస్ట్రేషన్ ఉందా, ఇన్సూరెన్స్ ఉందా, ఓనరు సంతకం ఉందా? చాలు. ఇరవై లారీలు కొన్నాను నేను." ఆ మాట నా చెవులతో విన్నాను. బాగా గుర్తుపెట్టుకోండి.

లోపల సీట్లు పగిలిపోయి ఉన్నాయి. వాటి మీద కూర్చోగానే ఈయన ముఖం మాడిపోయింది. "హబీబ్ గారి చేత చేయించాలి" అన్నారు. అప్పటికప్పుడు డబ్బు కట్టేసి, ఆ షెడ్డులో ఎవరినో పట్టుకుని ఎనిమిది సీట్లూ విప్పించి లారీలో ఏలూరు తెప్పించారు.

హబీబ్ గారు ఆ సీట్ల చుట్టూ ఒక పూటంతా తిరిగాడు. ముట్టుకోలేదు. తర్వాత నాతో అన్నాడు, "నా బతుకంతా నేల మీదే కుట్టానండీ. ఇది ఒక్కటి పైకెళ్తుంది." ఆయన కళ్లు చెమర్చాయి. ఆ ఒక్క కోరిక చూడండి ఎంతదో! తను కుట్టిన సీటు గాల్లోకి లేవాలి, అంతే.

ప్రసాద్ గారు కూడా మాటిచ్చారు. "మొదటి ట్రిప్పులో మీ సీట్లో మీరే కూర్చోవాలి మేస్త్రీ గారూ. మహమూదా గారిని కూడా తీసుకురండి. మన కొల్లేరు మీద ఒక చుట్టు తిప్పిస్తాను."

మహమూదా గారు హబీబ్ గారి భార్య. ఆమె నన్ను పక్కకి పిలిచి, "అన్నయ్య గారూ, అందులో బాత్రూం ఉంటుందా అండీ?" అని అడిగింది. ఉంటుందన్నాను. అయితే వస్తానంది.

రెండు నెలలు ఆ కొట్లో వేరే పని లేదు. తోలు మద్రాసు నుంచి తెచ్చుకున్నాడు, ముదురు మామిడిపండు రంగుది. కుట్టు ఎక్కడా వంకర పోదు. మూలల్లో ముడత పడదు. తల ఆనే చోట దిండ్ల గలీబులు మహమూదా గారు కుట్టింది. ప్రతి సీటు అడుగునా చివరి ముడి ఆకుపచ్చ దారంతో వేశాడు. చిన్నప్పటి నుంచీ ఆయన గుర్తు అది. ఆ సీట్లు చూసినవాడెవడూ ఒకసారి నిమరకుండా వెళ్లలేదు. ఏలూరు నుంచి బయల్దేరే రోజు మహమూదా గారి పాత చీరలన్నీ సీట్లకి చుట్టి వ్యాన్ ఎక్కించాం. వెనక కార్లో ప్రసాద్ గారు, హబీబ్ గారు, నేను.

ఎగిరే అనుమతి కోసం హైదరాబాద్‌లో విమానాన్ని తనిఖీ చేస్తున్నది తేజస్వి అనే ఇంజనీరు. ముప్ఫై ఏళ్లుంటాయేమో. సీట్లు చూడగానే, "అబ్బ, ఎవరు చేశారండీ ఇవి?" అంది. హబీబ్ గారు సిగ్గుపడిపోయాడు. ఆ వెంటనే ఆమె, "ఈ తోలుకి, స్పాంజికి మంటల పరీక్ష సర్టిఫికెట్ ఏదండీ?" అని అడిగింది.

మేం ముఖముఖాలు చూసుకున్నాం. అలాంటిదొకటి ఉంటుందని మాకు చెప్పినవాడు లేడు, అడిగినవాడూ లేడు.

ఆమె కసరలేదు, కోప్పడలేదు. కోతలో మిగిలిన స్పాంజి ముక్క ఒకటి అడిగి తీసుకుని, బయటికి తీసుకెళ్లి పటకారుతో పట్టుకుని నిప్పంటించింది. మంట తీసేసినా స్పాంజి ఆరలేదు. కరిగి, మండుతూనే చుక్కలు చుక్కలుగా సిమెంటు మీద పడింది. నల్లటి పొగ. విమానంలో ఇలా జరిగితే మనుషులు బయటపడటానికి టైము ఉండదండీ అంది.

హబీబ్ గారు ఆ చుక్కల వంకే చూస్తూ నిలబడ్డాడు. "నిజమేనమ్మా. నలభై ఏళ్లుగా మనిషి ఎలా కూర్చుంటాడో చూశాను. ఇది చూడలేదు. కాలనిది ఏం పేరు? ఎక్కడ దొరుకుతుంది? రాసుకుంటాను, చెప్పు" అన్నాడు. జేబులోంచి కాగితం తీసి, ఉర్దూలో రాసుకున్నాడు. వాదించలేదు. ఇంకోడైతే వందసార్లు వాదించేవాడు.

అప్పుడు తేజస్వి మా ముగ్గురి ముందూ, ప్రసాద్ గారి ముఖం చూసి చెప్పిన మాట ఇది:

"సీట్లు పెద్ద విషయం కాదండీ. లైసెన్సున్న వర్క్‌షాపులో సరైన సరుకుతో చేయిస్తే నెలలో వచ్చేస్తాయి. అసలు చిక్కు ఎడమ ఇంజన్‌ది. దాన్ని తయారుచేసినప్పటి నుంచీ ఏ భాగం ఎప్పుడు మార్చారో రాసిన పుస్తకాలుండాలి. ఆ పెట్టెల్లో ఆరేళ్ల పుస్తకం లేదు. అది లేకపోతే ఇంజన్ మొత్తం విప్పి మళ్లీ కట్టాలి. దానికయ్యే ఖర్చు మీరు విమానానికి పెట్టినదాని కంటే ఎక్కువ. కొనే ముందు ఎవరికీ చూపించలేదా అండీ?"

ప్రసాద్ గారు కారు వైపు నడిచారు. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను.

సీట్లు అదే వ్యాన్‌లో వెనక్కి పంపాం. తిరిగొచ్చేటప్పుడు హబీబ్ గారు ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాడు. హనుమాన్ జంక్షన్ దగ్గర టీకి ఆగితే ప్రసాద్ గారికి ఫోనొచ్చింది. అవతల ఎవరో తాడేపల్లిగూడెం స్నేహితుడు, విమానం ఎప్పుడు తెస్తున్నారని. ఈయన అన్నారు: "ఏం లేదండీ, మన ఏలూరు మేస్త్రీ చేత సీట్లు చేయించాను. అవి పాస్ కాలేదు. అందుకే కాస్త లేటు."

హబీబ్ గారు పక్కనే ఉన్నాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. నాతో మెల్లగా, "పోనీలెండి. పెద్దమనిషి, పరువుంటుంది కదా. రెండు రోజులు అంటారు, మర్చిపోతారు" అన్నాడు.

ఎవరూ మర్చిపోలేదు. పైగా ఆ మాట రోజురోజుకీ బలిసింది. ప్రసాద్ గారు క్లబ్బులో అన్నారు, మిల్లులో అన్నారు, ద్వారకా తిరుమల కొండ మీద క్యూలో ఎవరో కనబడితే దేవుడి ముందు కూడా అన్నారు. ఇరవై లారీలు కొన్న నేను పుస్తకాలు చూసుకోకుండా కొని మునిగాను అని ఒప్పుకోవడం కంటే, సాయిబు గారి సీట్లు కాలిపోయే సీట్లు అనడం ఎంత సుఖం! ఎదురు చెప్పేవాడెవడు? చెప్పాల్సినవాణ్ణి నేను. స్టీరింగ్ పట్టుకుని ముందు కూర్చుని అన్నీ విన్నాను.

కొట్టు మీదికి జనం వచ్చి పరాచికాలు మొదలుపెట్టారు. "ఏం సాయిబు గారూ, విమానాన్ని దింపేశారంటగా?" లక్ష్మీదుర్గ గారని, ఏలూరులో పెద్ద స్కూలు నడిపే ఆవిడ, నాలుగు బస్సుల సీట్లు ఈయనకి ఇచ్చేది. ఆవిడ కబురు పెట్టింది: "పిల్లల బస్సులండీ, ఏమీ అనుకోకండి." హబీబ్ గారు ఏమీ అనుకోలేదు. తేజస్వి చెప్పిన సరుకు కోసం బొంబాయికి రాసి, తెప్పించి, సర్టిఫికెట్ కాగితానికి ప్లాస్టిక్ వేయించి గోడకి తగిలించాడు. వచ్చినవాడికల్లా స్పాంజి ముక్కకి లైటర్ పెట్టి చూపించేవాడు. "చూడండి, అంటుకోదు." జనానికి అదొక తమాషా అయింది. నిప్పుపెట్టే సాయిబు అని పేరు పెట్టారు. ఛీ, ఏం మనుషులం!

ఒక రోజు మిల్లుకి పోతూ కొట్టు దగ్గర ఆగాను. టీ తెప్పించాడు. దబ్బనం పక్కన పెట్టి అడిగాడు.

"వీరాస్వామి గారూ, ఆ రోజు మీరున్నారు కదండీ. ఆ అమ్మాయి చెప్పింది విన్నారు కదండీ."

"విన్నానండీ."

"నేను చెప్తే నా తప్పు కప్పిపుచ్చుకుంటున్నానంటారు. మీరు చెప్తే నమ్ముతారు. ఊరందరికీ వద్దండీ. లక్ష్మీదుర్గ గారికి ఒక్కరికి చెప్పండి చాలు."

"చూద్దాం లెండి" అన్నాను.

చూద్దాం లెండి! ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నేనుండేది మిల్లు క్వార్టర్సులో. యాభై ఎనిమిదేళ్లు నాకు. ఈ వయసులో బయటికి పొమ్మంటే ఎక్కడికి పోను అనుకున్నాను. భయం, అంతే. దానికి ఇంకో పేరు పెట్టను. ఆయన ఇంకోసారి అడగలేదు.

విమానం హైదరాబాద్‌లో రెండేళ్లు కదలకుండా పడి ఉంది. షెడ్డు అద్దె, ఇన్సూరెన్స్, ఎక్కడెక్కడివో కట్టి కట్టి విసిగిపోయారు ప్రసాద్ గారు. అమ్ముదామంటే కొనేవాడు మొదటే ఆ పెట్టెలు తెరిచి చూస్తాడు. ఈయనలాంటివాడు రెండోవాడు దొరకలేదు. ఆఖరికి ఇంజన్లు, పనికొచ్చే భాగాలు ఊడదీసి ఎవరో పట్టుకుపోయారు. మిగిలిన డొల్లని రెక్కలు కోసి పెద్ద ట్రాలీ మీద ఎక్కించి, తాడేపల్లిగూడెం దగ్గర హైవే పక్కన దింపారు. ఈయన కోరుకున్నట్టే గూడెం వచ్చింది, రోడ్డు మీద. అందులో హోటల్ పెడతారట. విమానంలో భోజనం.

"ఆ హబీబ్ సీట్లు కొల్లేరులో చేపల మేత గోడౌన్‌లో పడున్నాయిగా, అవే వేయించు. ఆయన్నే తీసుకురా, బిగిస్తాడు" అన్నారు నాతో. వెళ్లి చెప్పాను. హబీబ్ గారు చొక్కా మార్చుకుని మారుమాట్లాడకుండా వచ్చి కారెక్కాడు.

హైవే దగ్గర విమానం పక్కన సీట్లు దింపి ఉన్నాయి. ఎలకలు కొట్టినవి రెండు. మిగిలినవి తుడిస్తే మెరిసేలాగే ఉన్నాయి. ఆయన ఒక సీటు అడుగుకి చెయ్యి పోనిచ్చి ముడి తడుముకున్నాడు. తర్వాత ప్రసాద్ గారిని అడిగాడు.

"లోపల వంట చేస్తారా అండీ?"

"వెనక చేస్తారు. లోపల భోజనాలు, పిల్లల పుట్టినరోజులు. ఏం?"

"అంటే కేకులు, కొవ్వొత్తులు ఉంటాయి కదండీ. ఈ సీట్లు వద్దండీ. స్పాంజి మార్చి ఇస్తాను. కాలని సరుకు నా దగ్గరుంది. కూలి కూడా వద్దు."

ప్రసాద్ గారు విసుక్కున్నారు. "ఇంకా సర్టిఫికెట్ ఎవడడుగుతాడయ్యా? ఇది ఎగరదు కదా."

"ఎగరకపోయినా కాలతాయండీ" అన్నాడు హబీబ్ గారు.

అక్కడ హోటల్ పని చూడ్డానికొచ్చిన పెద్దమనుషులు నలుగురైదుగురున్నారు. ప్రసాద్ గారు వాళ్ల వైపు తిరిగి, "మా విమానాన్ని నేల మీద కూర్చోబెట్టిన మేస్త్రీ ఈయనేనండీ! ఇప్పుడు మాకు రూల్సు చెప్తున్నాడు" అన్నారు. అందరూ నవ్వారు.

హబీబ్ గారు ఆయన వంక చూడలేదు. నవ్విన వాళ్ల వంకా చూడలేదు. నా వంక చూశాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. జేబులోంచి ఫోను తీసి, మోగకపోయినా చెవి దగ్గర పెట్టుకున్నాను.

"పదండి వీరాస్వామి గారూ, ఏలూరులో దింపేయండి" అన్నాడు.

రైలు గేటు దగ్గర దిగి, ఎప్పటిలాగే నా కిటికీ దగ్గరికొచ్చి, నా వీపు వెనక సీటుని రెండు వేళ్లతో నొక్కి చూశాడు. "నడుం ఎలా ఉందండీ?" అని అడిగాడు.

"బాగుందండీ" అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన ఆఖరి మాట అది.

మర్నాడు ఇంకెవరినో పిలిచి ఆ సీట్లే బిగించారు. పిల్లలు ఇప్పుడు వాటి మీదే కూర్చుని కొవ్వొత్తులు ఊదుతున్నారు. ఇంకో ఎనిమిది నెలలకి నన్ను కూడా పిలిచి, వయసైంది కదా వీరాస్వామీ, విశ్రాంతి తీసుకో అన్నారు. కొత్త కారు, కొత్త డ్రైవరు. ఆ రోజు నా మౌనం నాకు ఇంకో ఎనిమిది నెలలు తిండి పెట్టింది.

హబీబ్ గారు మొన్న వేసవిలో పోయాడు. గుండె. కొట్లోనే, మిషను ముందు. నలభయ్యో రోజు భోజనాలకి నన్ను కూడా పిలిచారు. అక్కడ వాకిట్లో ఎవరో కొత్తవాళ్లకి ఆయనెవరో చెప్తున్నారు, "అదేనండీ, విమానం ఆపిన హబీబ్" అని. చచ్చిన మనిషిక్కూడా ఆ పేరే. తిన్నగా మహమూదా గారి దగ్గరికెళ్లి, అంతా చెప్పేశాను. ఎడమ ఇంజన్, ఆరేళ్ల పుస్తకం, తేజస్వి మాట, అన్నీ.

ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసండీ అన్నయ్య గారూ. ఆ రోజు రాగానే ఆయన చెప్పారు. నాకు చెప్పి ఏం లాభమండీ? బజార్లో చెప్పాల్సింది" అంది.

తల కొట్టేసినట్టయింది. లేవబోతుంటే ఆపింది.

"హోటల్ దగ్గర్నుంచి వచ్చిన రోజు మీ గురించే అన్నారండీ. వీరాస్వామి గారి సీటు అణిగిపోయింది, మార్చాలి అని. స్పాంజి కోసి కూడా పెట్టారు. మీరు మళ్లీ రాలేదు." గూట్లోంచి తీసి నా చేతిలో పెట్టింది. మడతపెట్టిన స్పాంజి. నా నడుం వంపుకి సరిగ్గా కోసి ఉంది. ఒక మూల సుద్దతో నా పేరు.

ఇంటికి తెచ్చుకున్నాను. వేయడానికి నాకు కారు లేదు. పొద్దున్న ఎందుకో వాకిట్లో కూర్చుని, దాని మూలకి అగ్గిపుల్ల గీసి పెట్టాను. వేలు కాలేదాకా పట్టుకున్నాను. అంటుకోలేదు. లోపలికొచ్చి కాగితం తీసుకుని ఇది రాయడం మొదలుపెట్టాను.